ఎర్ర పులుసులో ఏముంది?

పంచగవ్యం డబ్బా మీద "ఇండోర్ మొక్కలకు శ్రేష్ఠం" అని ఇంగ్లీషులో ఇంతింత అక్షరాలతో రాసి ఉంది.

రఘువీర్ దాన్ని కిచెన్ కౌంటర్ మీద పెట్టి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెనకవైపు సన్న అక్షరాల్లో ఇంకో ముక్క కనిపించింది. పిల్లలకీ పెంపుడు జంతువులకీ అందకుండా దాచమని.

"ఎక్స్‌ప్రెస్ డెలివరీ పెట్టించావుగా" అంది శ్రీవిద్య. "ఇప్పుడేం చేద్దాం? అత్తయ్యగారి చేతిలో పోద్దామా, కిటికీ దగ్గర కరివేపాకు మొక్కకి పోద్దామా?"

"నీకు నవ్వులాటగా ఉందా? మా అమ్మ శనివారం మధ్యాహ్నం నుంచీ పాలూ అరటిపళ్ళ మీద ఉంది. ఇవాళ మంగళవారం."

నిజానికి శ్రీవిద్యకి నవ్వు రావట్లేదు. మూడు రోజులుగా ఆమె గుండెల మీద ఒక బండ ఉంది. ఆ సంగతి మొగుడికి తెలియకూడదని నోటికొచ్చిందల్లా వాగుతోంది.

శనివారం స్నేహితురాలు జయంతి వాళ్ళింట్లో పాట్‌లక్, తలా ఒక వంట చేసి తెచ్చుకునే విందు. నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని శ్రీవిద్య అత్తగారు లక్ష్మీకాంతం తను కొత్తగా రుచి మరిగిన ఎర్ర పులుసు గురించి మురిపెంగా చెప్పుకుంటోంది. లైబ్రరీ పక్కన ఉక్రెయిన్ ఆవిడ చిన్న హోటలు పెట్టింది, బీట్‌రూటూ క్యాబేజీ వేసి పుల్లపుల్లగా తియ్యతియ్యగా చేస్తుంది, వారానికి రెండుసార్లు అక్కడికి పోకపోతే నాకు తోచదు అని. జయంతి మంచిదే. కానీ ఆవిడ నోటికి గడియ లేదు. "బోర్షా ఆంటీ? అయ్యయ్యో, దాన్ని బీఫ్ ఎముకలేసి గంటలకొద్దీ మరిగిస్తారు కదా! మీకెవరూ చెప్పలేదా?" అంది.

లక్ష్మీకాంతం చేతిలో ప్లేటు కింద పెట్టేసింది. ఇంటికొచ్చి తలస్నానం చేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. గుడ్డు వాసన తగిలితే ఆ పూట అన్నం మానేసే మనిషి, నెలన్నరలో పదకొండుసార్లు ఆ పులుసు తాగింది. పదకొండని ఆవిడే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పన్నెండోది మంచు పడి తప్పిపోయింది.

అప్పట్నించీ రఘువీర్ కాలు ఒకచోట నిలవలేదు. గూగుల్‌ని అడిగాడు. అపార్ట్‌మెంట్ రోజుల నాటి వాట్సాప్ గ్రూపులో అడిగాడు, అక్కడ ముప్పై రెండు మంది ముప్పై రెండు సలహాలిచ్చారు. గుడి పురోహితుణ్ణి వీడియో కాల్‌లోకి పిలిచాడు. ఆయన, "తెలిసి తిన్నారా, తెలియక తిన్నారా?" అని అడిగి, తెలియకేనని విని, పంచగవ్యం ప్రాశన చేస్తే సరిపోతుందన్నాడు. ఆ పంచగవ్యమే ఇప్పుడు ఎరువుల డబ్బాలో వచ్చి కౌంటర్ మీద కూర్చుంది.

"ఒక్కమాట సూటిగా చెప్పు" అన్నాడు రఘువీర్, గొంతు తగ్గించి. "నువ్వు ఆ హోటలావిణ్ణి అడిగావా లేదా?"

"ఎన్నిసార్లు చెప్పను? అడిగాను."

"ఏమంది?"

"ఏమీ లేదంది. అంతా వెజిటేరియనే అంది."

"మరయితే ఆవిడ అబద్ధం చెప్పిందన్నమాట. తెలిసి మా అమ్మ చేత తినిపించింది."

శ్రీవిద్య సింకు వైపు తిరిగి, అప్పటికే కడిగిన కప్పుని మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

ఆమె అడగలేదు. అదీ అసలు సంగతి.

జనవరి ఆఖర్లో ఒక బుధవారం. లైబ్రరీ తెరవడానికి ఇంకా అరగంట ఉందని, వానలో తడవడమెందుకని అత్తగారిని పక్కనే ఉన్న ఆ హోటల్లోకి తీసుకెళ్ళింది. ఏడంటే ఏడే టేబుళ్ళు. కుర్చీల మీద చేత్తో అల్లిన మెత్తలు, గోడకి ఎర్రదారంతో కుట్టుపని చేసిన పొడుగాటి తువ్వాళ్ళు, కిటికీలో పూలకుండీలు. హోటలనిపించలేదు, ఎవరింటికో వచ్చినట్టుంది. యజమానురాలు హలీనా అడక్కుండానే ఒక గిన్నెడు ఎర్ర పులుసు తెచ్చి ముసలావిడ ముందు పెట్టింది. లక్ష్మీకాంతం ఆ ఆవిరిలోకి మొహం పెట్టి, "ఇందులో మనం తినకూడనిదేం లేదుగా? కాస్త అడుగమ్మాయ్" అంది.

శ్రీవిద్య లేచి కౌంటర్ దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడు ఆఫీసు నుంచి ఫోన్. బయో కంపెనీలో ఆమె పని, బుధ, శుక్రవారాలు తప్పనిసరిగా ల్యాబ్‌కి వెళ్ళితీరాలి, దారిలో అత్తగారిని లైబ్రరీ దగ్గర దింపేదీ ఆ రెండు రోజులే, ఆ ఉదయం పది నిమిషాలు ఆలస్యమైంది. ఫోన్ మాట్లాడి వెనక్కి తిరిగేసరికి అత్తగారు చెంచా చేతిలో పట్టుకుని చిన్నపిల్లలా ఎదురుచూస్తోంది. శ్రీవిద్య నోట్లోంచి మాట జారిపోయింది. "అడిగాను అత్తయ్యా. ఏమీ లేదట. తాగండి."

అంతే. ఆ తర్వాత పదిసార్లు అడగొచ్చు. ఒక్కసారీ అడగలేదు. అడగకపోతే అనుమానమే, అడిగితే నిజం తెలిసిపోతుంది. ఇప్పుడేమో దొంగకి తేలు కుట్టినట్టయింది, పైకి చెప్పుకోవడానికి లేదు.

పన్నెండేళ్ళ నైనిక సీరియల్ గిన్నె ముందు కూర్చుని అమ్మానాన్నల వంక మార్చి మార్చి చూసింది.

"డాడీ, మీరు గూగుల్‌ని ఆస్క్ చేశారు. టెంపుల్ అంకుల్‌ని ఆస్క్ చేశారు. జయంతి ఆంటీని టూ టైమ్స్ ఆస్క్ చేశారు. వై డోంట్ యూ గైస్ జస్ట్ ఆస్క్ హలీనా?"

"మీ అమ్మ అడిగిందిగా, ఆవిడ అబద్ధం చెప్పింది."

"హలీనా చెప్పదు" అంది నైనిక. "షీ ఈజ్ నాట్ లైక్ దట్. నానమ్మ ఫ్రెండ్." బ్యాగు తగిలించుకుని స్కూల్ బస్సుకి పరిగెత్తింది.

తలుపు మూసుకున్న చప్పుడు సద్దుమణిగింది. శ్రీవిద్య చేతులు తుడుచుకుంది. "నేను వెళ్ళి మళ్ళీ అడిగొస్తాను. నువ్వు మీటింగ్ చూసుకో."

ఒంటరిగా వెళ్ళాలి, అదే ఆమె ఆలోచన. ముందు తను వినాలి. తర్వాత సంగతి తర్వాత.

"నేనూ వస్తాను."

లక్ష్మీకాంతం గది గుమ్మంలో నిలబడి ఉంది. నేత చీర, మీద ఊదారంగు స్వెట్టర్, కాళ్ళకి నైనిక పాత స్నీకర్లు. మూడు రోజుల్లో బుగ్గలు జారిపోయాయి. కళ్ళు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి.

"అమ్మా, నీరసంగా ఉన్నావు, పడుకో" అన్నాడు రఘువీర్.

"పడుకుంటే నీరసం పోదు. పద శ్రీవిద్యా."

* * *

వాళ్ళుండే బాతెల్ ఊళ్ళో ఆ పొద్దున సన్నటి వాన. కారు అద్దం మీద వైపర్లు చప్పుడు చేస్తున్నాయి.

"నీ మీద నాకేం అనుమానం లేదమ్మాయ్" అంది లక్ష్మీకాంతం ఉన్నట్టుండి.

శ్రీవిద్య స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది.

"నువ్వు అడిగానన్నావు. అడిగే ఉంటావు. నా బాధ ఆవిడ గురించి. నెలన్నర రోజులు ఎదురుగా కూర్చుంది. వాళ్ళాయన ఫోటో చూపించింది. మోకాలి నొప్పికి నేను సైగలతో చెప్పిన వాము కాపడం పెట్టుకుంది. అలాంటి మనిషి మా కోడలితో అంత అబద్ధం ఎలా ఆడింది? ఆ ఒక్కటీ మొహం మీద అడగాలి. అడిగేసి వచ్చేస్తాను, మళ్ళీ ఆ గుమ్మం తొక్కను."

 ఇంతదాకా శ్రీవిద్య తన పరువు ఒక్కటే పోతుందనుకుంది. ఇప్పుడు ఏ పాపమూ ఎరగని ఇంకో ఆడదాని మీద నింద పడబోతోంది.

చెప్పెయ్యాలి. ఇప్పుడే, కారులోనే.

"అత్తయ్యా, ఒక్క నిమిషం. అసలు ఆ రోజు..."

"లోపలికెళ్ళాక మాట్లాడుకుందాం. ఇదిగో, ఆ తెల్ల కారు పక్కన ఖాళీ ఉంది."

కారు ఆగీ ఆగకముందే తలుపు తీసుకుని లక్ష్మీకాంతం దిగిపోయింది. మూడు రోజులు తిండి లేని మనిషికి అంత నడక ఎక్కణ్ణుంచి వచ్చిందో. శ్రీవిద్య సీటు బెల్టు విప్పుకుని పరిగెత్తింది.

హోటల్ తలుపు తియ్యగానే లక్ష్మీకాంతం గుమ్మంలోనే ఆగిపోయింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఒకటే వాసన. మాంసం ఉడుకుతున్న వాసన. ముక్కున్న ఎవరికీ సందేహం అక్కర్లేదు.

శ్రీవిద్య అత్తగారి వెనకే ఆగిపోయింది. అయిపోయింది, ఇంకేముంది అనుకుంది.

"లక్ష్మీ!" అంటూ హలీనా కౌంటర్ వెనకనుంచి వచ్చేసింది. అరవై దగ్గర పడ్డ దిట్టమైన మనిషి, తలకి రుమాలు, మోచేతుల దాకా పిండి. ఆవిడకి 'కాంతం' నోరు తిరగదు, 'లక్ష్మీ'తోనే సరిపెడుతుంది. "లక్ష్మీ, ఇవాళ వచ్చావేం? నీ రోజు రేపు కదా! ఏమిటలా చిక్కిపోయావు? కూర్చో, కూర్చో."

లక్ష్మీకాంతం కూర్చోలేదు. కొంగు తియ్యకుండానే కోడలి వైపు తిరిగింది.

"అడుగు. మాంసం లేదని మా కోడలికి ఎందుకు అబద్ధం చెప్పావని అడుగు."

హలీనా నవ్వుమొహంతో శ్రీవిద్య వంక చూసింది, ఇంగ్లీషులో ఏం వస్తుందా అని.

 అత్తగారన్న మాట శ్రీవిద్య ఇంగ్లీషులో పెడితే హలీనా, నువ్వసలు ఎప్పుడడిగావంటుంది. పెట్టకపోతే ఇంకో అబద్ధం. చివరికి ఎలాగో, "హలీనా, బోర్ష్‌లో ఏమేం వేస్తారు?" అనగలిగింది.

"బోర్ష్‌లోనా?" హలీనా పిండి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. "బీట్‌రూటు, క్యాబేజీ, ఉల్లిపాయ, క్యారెట్. బీఫ్ ఎముక. మూడు గంటలు మరగాలి. ఎముక లేకపోతే రుచెక్కడిది?"

బీఫ్ అన్న ముక్క చాలు. లక్ష్మీకాంతం పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుంది. మొహం పాలిపోయింది. శ్రీవిద్య పట్టుకోబోతే చెయ్యి వదిలించుకుంది.

"ఏమైంది?" హలీనా కంగారుపడింది. "తనకి ఒంట్లో బాలేదా?"

"మా అత్తయ్యగారు మాంసం తినరు హలీనా" అంది శ్రీవిద్య.  "ఎప్పుడూ తినలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ. తెలియక ఇక్కడ పదకొండుసార్లు..."

"తెలుసు" అంది హలీనా.

"ఏం తెలుసు?"

"లక్ష్మీ మాంసం తినదని. చూస్తే తెలియదా? మొదటి రోజే పక్క టేబుల్ మీది సాసేజ్ చూసి కుర్చీ ఇటు తిప్పేసుకుంది." హలీనా ఇద్దరి మొహాలూ చూసి, నుదురు ముడేసి, ఉన్నట్టుండి చేత్తో నుదురు కొట్టుకుంది. నుదుటి మీద పిండి అంటుకుంది. "అయ్యో దేవుడా! ఇవాళ ఏ రోజు?"

"మంగళవారం."

"మంగళవారం! ఇవాళ ఎముక ఉంది. గురువారం ఉంది. శనివారం ఉంది. లక్ష్మీ వచ్చేది ఎప్పుడు? బుధవారం, శుక్రవారం. బుధ, శుక్రవారాలు ఉపవాసం!"

శ్రీవిద్యకి సగమే బుర్రకెక్కింది. "ఎవరికి ఉపవాసం?"

"మాకు! మా అమ్మకి, మా అమ్మమ్మకి, నాకు. బుధ, శుక్రవారాల్లో మాంసం లేదు, పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు. మా ఊరు పోల్తావాలో మా ఇంటి పొయ్యి మీద ఆ రెండు రోజులూ మాంసం ఎక్కేది కాదు. ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళయింది, నా పొయ్యి మీదా ఎక్కలేదు. కస్టమర్లు గొణుక్కుంటారు. మాంసం కావాలంటే గురువారం రండి అంటాను. ఆ రోజుల బోర్ష్ వేరు. చిక్కుడుగింజలు, ఎండు ప్లమ్ పళ్ళు, సన్‌ఫ్లవర్ నూనె. అంతే!"

లక్ష్మీకాంతం ముక్కు మీద కొంగు నెమ్మదిగా కిందికి జారింది. ఆవిడకి ఇంగ్లీషు మాట్లాడ్డం రాదుగానీ వినడం వచ్చు. వింటూ వింటూ మధ్యలోనే అందుకుంది.

"ఆగాగు. ఈ వాసన... ఈ వాసన నేనొచ్చిన రోజుల్లో ఎప్పుడూ లేదే! ఉంటే నేను లోపలికి అడుగుపెట్టేదాన్నా? నా ముక్కు సంగతి నేనే మర్చిపోయానే శ్రీవిద్యా!"

"అవును అత్తయ్యా."

"పైగా గోడ మీద బొమ్మలో పులుసు మీద పెరుగులా తెల్లగా వేసి ఉంటుంది. నాకెప్పుడూ వెయ్యలేదు. పిసినారిదనుకున్నాను. అడుగు, అందుకేనా అడుగు."

శ్రీవిద్య అడిగింది. హలీనా పగలబడి నవ్వింది. "క్రీమా? ఉపవాసం రోజు క్రీము వేస్తే మా అమ్మ స్వర్గం నుంచి దిగొచ్చి నన్ను కొడుతుంది."

లక్ష్మీకాంతం నవ్వలేదు ఇంకా. ఆఖరి అనుమానం ఒకటి మిగిలింది. "గిన్నె? మంగళవారం ఎముక ఉడికిన గిన్నెలోనే బుధవారం వండుతుందేమో అడుగు."

ఆ ప్రశ్న పూర్తికాకముందే హలీనా ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. పై అరలో, మిగతా గిన్నెలకి దూరంగా, తెల్ల ఎనామిల్ గిన్నె ఒకటి బోర్లించి ఉంది. నీలం అంచు, పక్కన రెండు చోట్ల పెచ్చు లేచింది. దాని మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంది.

"మా అమ్మమ్మది" అంది హలీనా. "ఇది మాంసం మొహం ఎరగదు. దీని గరిటె కూడా వేరు. మా ఆయన ఒకసారి తెలియక ఇందులో కోడిని ఉడకబెట్టబోయాడు. విడాకులిస్తానన్నాను."

లక్ష్మీకాంతం ఆ గిన్నె వంక చూసింది. గిన్నె మీద గుడ్డ వంక చూసింది. మొహమంతా వెలుగు వచ్చింది.

"మడి!" అంది. "శ్రీవిద్యా, హలీనమ్మకి మడి ఉందే!"

అంతవరకూ నిలబడ్డ మనిషి అక్కడే స్టూలు మీద కూలబడి, హలీనా పిండి చేతులు రెండూ కళ్ళకద్దుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. హలీనాకి సంగతి పూర్తిగా తెలియకపోయినా ఆవిడా ఏడ్చింది. శ్రీవిద్య గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. మూడు రోజుల బండ కరిగి కాళ్ళలోంచి నేలలోకి పోయింది. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏ దేవుడికి మొక్కాలో తెలియక పోల్తావాలో ఎప్పుడో పోయిన హలీనా అమ్మకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

"ఇంత ఏడుపెందుకు?" హలీనా కళ్ళు తుడుచుకుంటూ శ్రీవిద్య వైపు తిరిగింది. "మొదటి రోజే నన్నొక మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా! ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. ఇవాళే కదా నువ్వు మొదటిసారి అడగడం."

వంటింట్లో పొయ్యి మీద పులుసు కుతకుతమంటోంది.

లక్ష్మీకాంతం ఏడుపు ఆగిపోయింది. ఆవిడ తల తిప్పి కోడలి వంక చూసింది. చూస్తూనే ఉంది.

* * *

సరిగ్గా అప్పుడే శ్రీవిద్య ఫోన్ మోగింది. రఘువీర్. ఆమె కదలకపోవడం చూసి లక్ష్మీకాంతమే అందుకుని స్పీకర్ నొక్కింది.

"ఏమైంది? ఏమంటోందావిడ?"

"నేనేరా నాన్నా. ఏం లేదు. అంతా శుభం. బుధ, శుక్రవారాలు వీళ్ళకి ఉపవాసంట. నేను తాగినదాంట్లో వెన్న కూడా లేదు. మడిగిన్నెలో వండుతుంది. నీ ఎరువుల డబ్బా కరివేపాకు మొక్కకి పొయ్యి."

అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినబడింది. తర్వాత, "సరే గానీ అమ్మా, శ్రీవిద్య అసలు మొదట్లో అడిగిందా? నాకెందుకో డౌట్‌గానే ఉంది. పొద్దున్న తన మొహం చూశాను."

శ్రీవిద్య తల దించుకుంది.

"అడిగిందిరా" అంది లక్ష్మీకాంతం. గొంతులో వణుకు లేదు. "మొదటి రోజే అడిగింది. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఆ జయంతి మాట పట్టుకుని నా కోడల్ని అనుమానించావంటే ఊరుకోను. ఫోన్ పెట్టెయ్."

పెట్టేసింది. ఫోన్ కోడలి చేతిలో పెట్టింది. హలీనాతో సైగ చేసి ముందు గదిలోకి వచ్చి కిటికీ పక్క టేబుల్ దగ్గర, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. శ్రీవిద్య ఎదురుగా కూర్చుంది. 

"అత్తయ్యా, నేను ఆ రోజు..."

"తెలిసిందిలే."

"అడగలేదు. ఆ తర్వాతైనా అడగాల్సింది. అడగలేదు."

"ఎందుకని?"

"ఆ గిన్నె మీ ముందు పెట్టగానే మీరు నవ్వారు. ఈ దేశం వచ్చాక మీరు అలా నవ్వడం అదే మొదటిసారి. అడిగితే ఉందంటుందేమోనని..."

"అంటే నాకోసం అబద్ధమాడావు."

ఔనంటే సరిపోయేది. అత్తగారు ఆ దారి తెరిచి పెట్టింది కూడా. కానీ శ్రీవిద్యకి ఇంక అబద్ధాల మీద విరక్తి పుట్టింది.

"కాదు. నాకోసమే. మీరు నాలుగ్గోడల మధ్య ఒక్కరే కూర్చున్నారన్న ఆలోచనతో ఆఫీసులో పని చెయ్యలేకపోయేదాన్ని. మీరిక్కడుంటే నాకు నిశ్చింత. ఆ నిశ్చింత పోగొట్టుకోవడం ఇష్టం లేక అడగలేదు."

లక్ష్మీకాంతం కిటికీ అవతలి వానని చూసింది.

"నేను తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేశాను" అంది. "ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి కలపడమే పని. మధ్యలో మన మాట పెట్టకూడదు, వాళ్ళ మాట మింగకూడదు. ఈ దేశంలో నాకు నువ్వే ఎక్స్ఛేంజివి. నువ్వు కలిపితేనే నాకు లైను. నువ్వే మింగేస్తే నేనెవర్ని అడగను చెప్పు?"

 శ్రీవిద్య కళ్ళనీళ్ళు టేబుల్ మీద పడ్డాయి. ఆవిడ కాగితం రుమాలు తీసి ఇటు తోసింది, కానీ కోపం తగ్గిందని మాత్రం అనలేదు.

హలీనా పళ్ళెంతో వచ్చింది. ఇవాళ మంగళవారమైనా లక్ష్మీ కోసం ఎముకల గిన్నె బయట పెట్టేసి, కిటికీలన్నీ తెరిచి, తెల్లగిన్నె దింపిందట. అందులో ఉడికించినవి, బంగాళదుంప కూరిన వరేనికీలు. చూడ్డానికి అచ్చం కజ్జికాయలే, నూనెలో వేయించకుండా నీళ్ళలో ఉడికించిన కజ్జికాయలు. మూడు రోజుల తర్వాత లక్ష్మీకాంతం నోట్లో ఉప్పూ కారం పడింది. మొదటిది మింగి, రెండోది మింగి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది. మూడోది పట్టుకుని ఆగింది.

"ఇది విడిపోయింది. లోపలి ముద్దంతా నీళ్ళపాలైంది."

"నా మణికట్టు" అంది హలీనా, చెయ్యి చూపించి. "చలికాలం వస్తే నొక్కలేను."

లక్ష్మీకాంతం ఇంకేం మాట్లాడకుండా లేచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, వంటింట్లో పిండిబల్ల ముందు నిలబడింది. గుండ్రంగా ఒత్తిన పిండి అరచేతిలో వేసుకుని, ముద్ద పెట్టి, మడిచి, బొటనవేలితో అంచు మడతలు తిప్పుకుంటూ పోయింది. పెళ్ళిళ్ళకి అయిదేసి వందల కజ్జికాయలు చుట్టిన చెయ్యి అది. ఇరవై చేసి మరుగుతున్న నీళ్ళలో వేసింది. ఒక్కటీ నోరు తెరవలేదు. హలీనా గరిటెతో ఒక్కొక్కటే పైకి తీసి, వెలుతురులో పెట్టి చూసి, తన భాషలో ఏదో అంటూ రెండు చేతులూ జోడించింది.

"శ్రీవిద్యా, ఇలా రా. ఈవిడతో ఒక మాట చెప్పాలి. నేనన్నది అన్నట్టే చెబుతావా?"

"చెబుతాను అత్తయ్యా."

"నీకు నచ్చకపోయినా?"

"నచ్చకపోయినా చెబుతాను."

"రేపట్నించి బుధ, శుక్రవారాలు పొద్దున్నే వస్తాను. ఊరికే కబుర్లకి కాదు, పనికి. ఈ తెల్లగిన్నె, ఈ మడతలూ నేను చూసుకుంటాను. గ్రీన్ కార్డు వచ్చి ఎనిమిది నెలలైంది, సొరుగులో పెట్టి పూజ చెయ్యడానికా అది? మావాడికి సుతరామూ ఇష్టముండదు, కంపెనీ డైరెక్టర్ గారి తల్లి హోటల్లో పిండి పిసకడమేమిటంటాడు. అది కూడా చెప్పు. అయినా వస్తానని చెప్పు."

శ్రీవిద్యకి రఘువీర్ మొహం కళ్ళ ముందు ఆడింది. ఒక్క మాట మెత్తబరిస్తే, ఒక్క ముక్క మింగేస్తే గండం గడుస్తుంది. ఆమె హలీనా వైపు తిరిగి, డైరెక్టర్ గారి తల్లితో సహా మొత్తం చెప్పేసింది.

హలీనా విని, ఏదో అంది. లక్ష్మీకాంతం ఆత్రంగా కోడలి వంక చూసింది. ఆవిడకి అర్థమైంది, అయినా కోడలి నోట వినాలనుంది.

"ఏమంది?"

"పొద్దున్న ఏడింటికల్లా ఉండమంది. ఆలస్యమైతే ఊరుకోనంది."

లక్ష్మీకాంతం మొహంలో కోపం ఆఖరి చారిక కూడా చెరిగిపోయింది. కోడలి బుగ్గ మీద తడి చేత్తో తట్టింది, పిండి అంటుకుంది. "బతికించావు. మరి సాయంత్రం వాడితో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెబుతాను" అంది శ్రీవిద్య. గుండె తేలిగ్గా ఉంది, ఏ మాటైనా అనగలననిపించింది. "ఈ పని సంగతొక్కటే కాదు అత్తయ్యా. ఆ మొదటి రోజు నేను అడగలేదన్నది కూడా. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేస్తాను. ఇంక నావల్ల కాదు."

లక్ష్మీకాంతం చేతిలోని పిండి ముద్ద బల్ల మీద పడింది.

"చెప్పేస్తావూ?" అంది. "మరి ఇందాక వాడితో నేనాడిన అబద్ధం మాటేమిటే?"